నేను పీకించిన రెండు ఆముదపు రకాలు

అయినా సరే, అది లక్కు అని మాత్రం నా ముందు అనకండి.

నిన్న మా వాట్సాప్ గ్రూపులో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకతను అన్నాడు కదా, "అక్కా, మీ ఆముదం కథ బాగానే ఉంది కానీ అదంతా లక్కు. మంచి జన్యువు ఏదో యంత్రమే చెప్తుంది. తీసి మొక్కలో పెట్టడమే మన పని" అని. నేను సిటీ బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో పదకొండు మెసేజులు టైపు చేశాను. దిగే స్టాపు దాటిపోయింది. తర్వాత పదకొండూ డిలీట్ చేశాను. అంత చిన్న పెట్టెల్లో ఈ జవాబు పట్టదు.

నాకు ముప్పై ఒక్కటి. వనపర్తి జిల్లాలో ఒక విత్తన కంపెనీ పరిశోధన క్షేత్రంలో ఆరేళ్లు ఆముదం మీద పని చేశాను. ఆ విభాగం మూసేశారు. హైదరాబాద్ ఆఫీసులో స్క్రీన్ ముందు కుర్చీ ఇస్తామన్నారు, వద్దన్నాను. మా అమ్మ దీన్ని రిటైర్మెంట్ అని పిలిచి నవ్వుతుంది. నవ్వనీ. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పాల్సింది ఉంది కాబట్టి చెప్తున్నాను. జీతాలు, ప్రమోషన్లు, రిపోర్టులు ఇందులో ఉండవు. మా పెద్దసారు ఉంటారు, కిష్టమ్మ ఉంటుంది, నా తప్పులు ఉంటాయి.

జబ్బు మడి

మొదటి రోజే నాకు కోపం వచ్చింది. గద్వాల వైపు సీడ్ పత్తిలో వేస్తారనుకుంటే, ఆముదంలో వేశారు. గద్వాలలో పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అంటించే ఆడవాళ్ల వేళ్ల వేగాన్ని వీడియోలు తీసి పెట్టుకోవచ్చని కలలు కన్నాను. వనపర్తిలో దిగాక చూస్తే, సగం మొక్కలు చచ్చిపోయి నిలబడ్డ ఒక మడి ముందుకు తీసుకెళ్లారు.

ఆముదానికి పెద్ద శత్రువు ఎండు తెగులు. మట్టిలో ఉండే ఒక బూజు వేరులోంచి కాండంలోకి పాకి, నీళ్లు పైకి పోకుండా చేస్తుంది. పొద్దున పచ్చగా ఉన్న ఆకు సాయంత్రానికి వేలాడిపోతుంది. తట్టుకునే మొక్కను కనిపెట్టాలంటే ఆ రోగం ఉన్న మట్టి కావాలి. అందుకని మేం ఒక మడిలో రోగాన్ని పనిగట్టుకుని పెంచుతాం. చచ్చిన మొక్కల్ని తీసేయకుండా తరిగి, అక్కడే దున్నిస్తాం. మా భాషలో అది జబ్బు మడి.

ఆ మడిలో కూలీలకు పెద్ద కిష్టమ్మ. యాభై దాటిన మనిషి. వీపనగండ్ల దగ్గర ఆమెకు రెండెకరాల ఎర్రచెల్క, అంటే ఎర్ర ఇసుక మెట్ట, ఉంది. వానలు తప్ప వేరే నీళ్లు లేవు. అక్కడ ఆముదం, కంది తప్ప ఏదీ నిలవదు. ఆ చెల్కకు కూడా ఎండు తెగులు పట్టింది. మొదటి రోజు మా జబ్బు మడి గురించి ఆమె చెప్పిన మాట నాకు ఇంకా గుర్తుంది.

"మా చెల్కకు జబ్బు పోతలేదని మేం ఏడుస్తుంటే, మీరు జీతాలిచ్చి పెంచుతుండ్రు. మా మట్టి తెచ్చుకుంటే పైసా ఖర్చు లేకపోవు గద మేడం."

ఆమె భర్త పోయాక నాలుగేళ్లు బొంబాయిలో బిల్డింగుల పని చేసి వచ్చింది. ఇసుక మోసి మోసి కుడి భుజం కొద్దిగా కిందికి దిగింది. మళ్లీ పోను అని ఒట్టు పెట్టుకుంది. అయితే బొంబాయికి కూలీల్ని తీసుకుపోయే మేస్త్రీ ఏటా దసరాకు ముందు వచ్చి అడుగుతాడు. చెల్క పండితే ఉంటుంది, ఎండితే పోవాలి. అంతే ఆమె లెక్క.

పాలూ చింతపులుసూ

నా పద్ధతి చాలా శుభ్రంగా ఉండేది. ప్రతి రకానికీ ఫోన్లో ఫొటోలు, ప్రతి గుణానికీ మార్కులు. గెల బిగుతుగా ఉంటే ఇన్ని, కాయ బరువుకు ఇన్ని, తెగులు తట్టుకుంటే ఇన్ని. చివర్లో కూడిక. పైనున్న రెండింటిని కలిపితే పిల్ల ఇంకా పైన ఉండాలి కదా?

మొదటి ఏడు గెల బాగా బిగుతుగా ఉండే రకాన్ని, నిండా ముళ్ల కాయలు కాసే ఒక మంచి రకంతో కలిపించాను. వదులు గెల మీద ముళ్లు ఉన్నా ఏ ఇబ్బందీ లేదు. కాయ నున్నగా ఉంటే గెల ఎంత బిగుతుగా ఉన్నా ఇబ్బంది లేదు. విడివిడిగా రెండూ నా పట్టికలో పైనే ఉన్నాయి. వాటి సంతానంలో బిగుతు గెల, ముళ్ల కాయ రెండూ ఒకే మొక్కకు వచ్చాయి. మరుసటి ఏడు సెప్టెంబరులో వారం రోజులు ముసురు పట్టింది. ముళ్ల మధ్య చిక్కిన నీళ్లు ఆ బిగుతు గెలలోంచి ఆరలేదు. బూడిద బూజు పట్టి గెలలు తడి దూదిలా మెత్తబడి జారిపోయాయి. పక్క వరసలకు ఏమీ కాలేదు.

నేను వానను తిట్టాను. కిష్టమ్మ ఒక గెలను వేలితో నొక్కి, వాసన చూసి, కొంగుకు చెయ్యి తుడుచుకుంది.

"పాలు మంచియే, చింతపులుసు మంచిదే. రెండు ఒక్క గిన్నెల పోసి ఇరిగినయని ఏడిస్తే ఎట్ల?"

అప్పుడు నాకు మండింది. ఇప్పుడు క్లాసు చెప్పమంటే దీనితోనే మొదలుపెడతాను.

ఎవరి పక్కన?

పెద్దసారుది అలంపూర్. నేను చేరేటప్పటికి ఇరవై ఏళ్లకు పైగా ఆముదంలోనే ఉన్నారు. కోపమంటే తెలీదు, అందువల్ల నా కోపం ఆయన ముందు చాలా వెలవెలబోయేది. పొద్దున ఆరింటికి మడి గట్లమీద చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవారు. నేను ఫోన్ చూపించి "సార్, ఈ మార్పు చాలా మంచిది" అంటే, ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "మంచిదే. ఎవరి పక్కన?"

మొదట్లో పొలంలో ఏ వరస పక్కన అని అడుగుతున్నారేమో అనుకుని వరస నంబర్లు చెప్పేదాన్ని. ఆయన దిద్దేవారు కాదు. ఏడాది పట్టింది నాకు. ఏ జన్యువు పక్కన, ఏ మార్పుకు తోడుగా అని ఆయన అడుగుతున్నది. జన్యువులో వచ్చిన మార్పుకు సొంతంగా మంచీ చెడూ ఉండవని, ఆ మొక్కలో అప్పటికే ఉన్న మిగతా మార్పులే దాని విలువ కడతాయని ఆయన నమ్మకం. ఒక చోట ప్రాణం పోసేది ఇంకో చోట ప్రాణం తీస్తుంది. మరో చోట ఉన్నా లేనట్టే పడి ఉంటుంది.

ఒకరోజు పరిణామం గురించి అడిగాను. అంటే, అడవిలో ఏ సారూ లేకుండా ఇదంతా ఎలా జరిగిందని. ఆయన గట్టు మీద కూర్చుని బస్సుల లెక్క చెప్పారు.

"వీపనగండ్ల కెళ్లి హైదరాబాద్ పోవాలంటే వనపర్తిల బస్సు మారాలె అనుకో. ఇంటి ముందర నిలబడి హైదరాబాద్ బస్సు కోసం సూస్తే తెల్లార్లు నిలబడాల్సిందే. మార్పులు గూడ అంతే బిడ్డా. రెండోది ఎంత గొప్పదైనా, మొదటిది రాకుంటే అది నీకు ఉపయోగపడదు. ఏది ముందు వచ్చిందన్న దాని మీదనే ఏడికి పోతవన్నది ఉంటది."

ఇంత సూటిగా ఏ పాఠ్యపుస్తకమూ నాకు చెప్పలేదు. ప్రకృతికి ముందుచూపు లేదు. జోడు రేపు వస్తుందని ఈ రోజు ఒక మార్పును దాచిపెట్టదు. బాగా హాని చేసేదాన్ని తుడిచేస్తుంది. పెద్దగా హాని చేయనిది మాత్రం ఎవరి కంటా పడకుండా తరాల తరబడి సాగిపోతుంది. ఒకనాడు దాని జోడు అదే ఒంట్లోకి వస్తే, అప్పటిదాకా లేని దారి తెరుచుకుంటుంది. మా మట్టిలోని బూజుకూ ఇదే వర్తిస్తుంది. అందుకే ఒక రకం తట్టుకుందని రైతుకు జీవితాంతం హామీ ఇవ్వకండి. కింద మట్టిలో ఆ బూజుకూ జోళ్లు కుదురుతుంటాయి.

పొయ్యిలోకి పోవాల్సినవి

రెండో ఏడు చివర్లో నేను రోగం లేని మా రకాల మడి శుభ్రం చేద్దామనుకున్నాను. పెద్దసారు పదకొండేళ్లుగా పెంచుతున్న చెత్త రకాలు కొన్ని ఉన్నాయి. నలభై ఒకటో నంబరుది ఎర్రటి నున్నటి కాండం. మామూలు ఆముదానికి ఉండే బూడిద పూత దానికి లేదు, పచ్చదోమ వచ్చిందంటే ముందు దాన్నే మాడుస్తుంది. దాని పక్క వరస ఎనభై ఏడు. ముడుచుకున్న ఆకు, ముళ్లు లేని కాయ, జానెడు గెల. జబ్బు మడిలో రెండూ చచ్చేవి. నా పట్టికలో అట్టడుగున ఉన్నాయి.

ఎందుకు ఉంచారని అడిగాను. "దాని జోడు ఇంకా రాలేదేమో" అన్నారు. అది శాస్త్రం కాదు సార్ అన్నాను. అవును ఆ మాట అన్నాను, ఇరవై ఆరేళ్ల పిల్లని. ఆయన "నీ ఇష్టం" అని కాగితం మీద సంతకం పెట్టారు.

రెండు వరసలూ పీకించాను. కాయలతో సహా. పీకిన ఆముదపు కట్టెను కూలీలు పొయ్యిలోకి మోపులు కట్టుకుని పోవడం అక్కడి ఆనవాయితీ. కాయలు దులిపి మాకు అప్పగించి పోవాలని రూలు, అదెవరూ పట్టించుకోరు. కిష్టమ్మ కూడా ఒక మోపు నెత్తిన పెట్టుకుని పోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రకం చెడకుండా మేం ప్రతి మొక్కలో మొదటి గెలకు కాగితం కవరు తొడుగుతాం, బయటి పుప్పొడి పడకుండా. కొమ్మలకు తర్వాత వచ్చే గెలల్ని వదిలేస్తాం. ఆ గెలల మీద గాలి ఏది తెస్తే అది పడుతుంది. నలభై ఒకటీ ఎనభై ఏడూ పక్కపక్కన ఉన్నాయి.

ఫొటో

రెండేళ్లు గడిచాయి. అక్టోబరులో ఒక పొద్దున వీపనగండ్ల వైపు బండి మీద పోతూ కిష్టమ్మ చెల్క దగ్గర ఆగాను. రెండెకరాల్లో ఆమె వేసిన బజారు విత్తనం దాదాపు అంతా ఎండిపోయి ఉంది. ఒక మూలలో మాత్రం పచ్చగా కనిపించింది. దగ్గరికి పోయాను. ఎర్రటి నున్నటి కాండం. పక్కన ఆకుపచ్చ కాండానికి ముళ్లు లేని కాయలు. ఇంకో పక్కన ముడుచుకున్న ఆకు. చుట్టుపక్కల ఎవరి దగ్గరా ఇలాంటివి లేవు. ఇవి మావే.

నాకు కోపం నెత్తికెక్కింది. క్షేత్రంలోంచి ఒక్క గింజ బయటికి పోకూడదు, అది మా మొదటి రూలు. పన్నెండు ఫొటోలు తీసి, "కిష్టమ్మ మన విత్తనం దొంగిలించి వేసుకుంది" అని రాసి స్టాఫ్ గ్రూపులో పెట్టాను. ఆమెను ఒక్క మాట అడగలేదు. గంటలో హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నానికి ఆమెను పనిలోకి రావద్దన్నారు.

సాయంత్రం గేటు దగ్గర ఆమె నా కోసం నిలబడి ఉంది. అరుస్తుందనుకున్నాను.

"పొయ్యిల పెట్టనీకి తెచ్చుకున్న కట్టె మేడం. ఓ గింజ రాలి గోడ పొంటి మొలిసింది. ఒక్కటే చెట్టు. మంచిగ కాసింది, నాకు పీకబుద్ధి కాలే. దాని గింజలే మూలకు ఏసిన. ఇది దొంగతనమైతదని నాకు తెల్వదు." తర్వాత అంది, "మేస్త్రీ ఎల్లుండి వస్తుండు. ఇగ పోత."

పోయింది. నేను ఫోన్ చూస్తూ నిలబడ్డాను. ఫొటోల కింద అందరూ బొటనవేళ్లు పెడుతున్నారు.

బతికినవి, చచ్చినవి

మరుసటి రోజు పెద్దసారు నన్ను బండి మీద ఎక్కించుకుని ఆ చెల్కకు తీసుకెళ్లారు. గట్టు మీద కిష్టమ్మ కూర్చుని ఉంది. ఆయన ఆమెకు దండం పెట్టి లోపలికి నడిచారు. ఆ పచ్చటి మూలలో కూడా మధ్య మధ్య ఎండిన మొక్కలు ఉన్నాయి. ముందు రోజు నేను వాటిని చూడనే లేదు, పచ్చవే ఫొటో తీశాను.

"లెక్కపెట్టు" అన్నారు. "బతికినయి, సచ్చినయి. రెండూ."

ఎండిన ప్రతి కాండాన్నీ చీల్చి, లోపల నల్లటి చారలు ఉన్నాయో లేదో చూసి మరీ లెక్కపెట్టాను. అన్నింటిలోనూ తెగులు చారలే. బతికినవి తొంభై ఒకటి. చచ్చినవి అరవై ఏడు. ఫోన్లో కాలిక్యులేటర్ తీశాను. పదహారు భాగాల్లో తొమ్మిది బతికితే, నూటయాభై ఎనిమిదికి ఎనభై తొమ్మిది రావాలి.

రెండే తేడా. ఈ పనిలోకి వచ్చే మీరు తొమ్మిదికి ఏడు అంటే ఏంటో చదివే ఉంటారు. తెలియని వాళ్ల కోసం చెప్తాను. ఒక మొక్క బతకాలంటే రెండు వేరు వేరు జన్యువులూ ఉండి తీరాలి, ఏ ఒక్కటి లేకున్నా చావే. అలాంటప్పుడు రెంటినీ మోసిన ఒకే ఒక్క తల్లి మొక్క గింజలు చల్లితే, పదహారింట తొమ్మిది బతుకుతాయి, ఏడు చస్తాయి. నలభై ఒకటిలో ఒక సగం ఉంది. ఎనభై ఏడులో ఇంకో సగం. విడివిడిగా రెండూ మా జబ్బు మడిలో చచ్చాయి, నా పట్టిక రెంటికీ సున్నా వేసింది. పట్టిక అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కదాన్నే చూడమని దానికి చెప్పింది నేను.

"పదకొండేండ్లు పక్కపక్కన పెంచిన" అన్నారు పెద్దసారు. "ఒక్కసారి గూడ కలిపి సూడలే. నువ్వు పీకమన్నవ్, నేను సంతకం పెట్టిన. మనిద్దరికన్న ఈమె పొయ్యి నయం."

కిష్టమ్మ నవ్వలేదు. "గా నంబర్ల ముచ్చట నాకెందుకు సారు? వచ్చే ఏడు ఏస్తే బతుకుతదా, సస్తదా? గది చెప్పుండ్రి. మేస్త్రీకి మాట చెప్పాలె."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఇందులో చాలావాటి పిల్లల్లో మళ్లీ కొన్ని చస్తాయి, బతికిన తొమ్మిదింటికి ఒక్కటే నిక్కమైనదని, అదేదో పైకి చూస్తే తెలీదని చెప్పారు. కొత్తగా వచ్చే గెలలకు కవర్లు తొడిగి, ఏ మొక్క గింజల్ని ఆ మొక్క వరసగా విడిగా ఇదే చెల్కలో వేస్తే, ఒక్కటి కూడా చావని వరసలు వచ్చే ఏడు బయటపడతాయన్నారు. ఒక్క ఏడు ఆగమన్నారు.

ఆమె నా వైపు చూసింది. "ఈ బిడ్డ వచ్చి కవర్లు తొడుగుతదా?"

తొడిగాను. తొంభై ఒక్క మొక్కలకు, నా చేత్తో. దానికంటే ముందు అదే గ్రూపులో, అదే ఫొటోల కింద, దొంగతనం లేదు, తప్పు నాదే అని రాశాను. ఈసారి బొటనవేళ్లు రెండే వచ్చాయి. పెద్దసారు హైదరాబాద్‌తో వారం రోజులు వాదించి ఆమెను మళ్లీ పనిలో పెట్టించారు. మేస్త్రీ ఆమె లేకుండానే పోయాడు.

మరుసటి వానకాలం ఆ చెల్కలో తొంభై ఒక్క వరసలు వేశాం. కొన్నింట్లో సగం పోయాయి, కొన్నింట్లో పావు పోయాయి. పదకొండు వరసల్లో ఒక్క మొక్క కూడా ఎండలేదు. ఆ వరసల మధ్య నడుస్తూ కిష్టమ్మ ప్రతి కాండాన్నీ చేత్తో తట్టుకుంటూ పోయింది.

నాగర్‌కర్నూల్

ఇక్కడ ఆపితే నేను గొప్పదాన్ని అయిపోతాను. ఆపను. గెలుపు తలకెక్కి, ఈ జోడును మా దగ్గరున్న అన్నింటికన్నా ఎక్కువ కాసే రకంలోకి ఎక్కించాను. నాగర్‌కర్నూల్ దగ్గర రోగం ఉన్న పొలంలో మొదటి తరాన్ని వేసి, రోజూ వీడియోలు తీశాను. నలభై రోజులకు మొత్తం ఎండింది. ఆ గొప్ప రకంలో మూడో జన్యువు ఏదో ఉంది. ఈ రెండూ ఉన్నా వాటి నోరు నొక్కేసింది. పెద్దసారుకు ఫోన్ చేసి, ఆయన అడక్కముందే "తెలుసు సార్, ఎవరి పక్కన" అన్నాను. ఆయన నవ్వడం నేను విన్నది ఆ ఒక్కసారే.

కాబట్టి యంత్రాలు వాడండి. నేనూ వాడాను. ఒక్కో జన్యువు పేరూ అవి చెప్తాయి. రెండు కలిస్తే ఏమవుతుందో మట్టిలో వేసి, చచ్చినవాటిని కూడా లెక్కపెడితేనే నమ్మకంగా తెలుస్తుంది.

పిడికెడు

ఆముదం విభాగం మూసేటప్పుడు నాకు అప్పగించిన చివరి పని, ఆ పదకొండు వరసల విత్తనాన్ని కిష్టమ్మ దగ్గర నుంచి సేకరించి హైదరాబాద్ శీతల గదికి పంపడం. ఇక మీదట ఆమె దాన్ని వేయకూడదు. మళ్లీ బజారు విత్తనం, మళ్లీ ఎండు, మళ్లీ మేస్త్రీ.

వెళ్లాను. వరసకో మూట చొప్పున కట్టి నింపిన రెండు సంచులు ఆమె తెచ్చి నా ముందు పెట్టింది.

"తీస్కపో బిడ్డా. మీదే గద."

బయటికి వచ్చి పెద్దసారుకు ఫోన్ చేశాను. ఆర్డరులో సేకరించాలని ఉంది కానీ ఎంత సేకరించాలో రాసి ఉందా అని అడిగారు. మళ్లీ చదివాను. లేదు. "అయితే పదకొండు పిడికెళ్లు సాలు" అన్నారు.

వరసకు ఒక పిడికెడు చొప్పున కవర్లలో పోసి, నంబర్లు రాసి పంపాను. సంచులు ఆమె ఇంట్లోనే ఉన్నాయి. ఆ నెలే రాజీనామా ఇచ్చాను. ఈ వానకాలం ఆమె రెండెకరాలూ వేసింది, పక్క చెల్కల వాళ్లకు కూడా తలా ఇంత ఇచ్చింది. దసరాకు మేస్త్రీ వచ్చి, టీ తాగి పోయాడట.

అది కంపెనీ సొత్తు, నేను చేసింది తప్పు అని పాత గ్రూపులో ఇంకా అంటున్నారు. ఆ రెండు రకాలూ మా దగ్గర ఉన్నన్నాళ్లూ వాటికి మేం ఇచ్చిన విలువ సున్నా. నేను పీకించాను, సారు సంతకం పెట్టారు. పుప్పొడిని గాలి కలిపింది. ఆ ఒక్క మొక్కను పీకకుండా ఉంచింది ఆమె, జబ్బు చెల్కలో వేసి చావో బతుకో తేల్చింది ఆమె. ఇంత విన్నాక కూడా ఆ సంచుల్లో విత్తనం కిష్టమ్మది కాదని, వీపనగండ్ల పోయి ఆ చెల్క గట్టు మీద నిలబడి ఆమె మొహం చూస్తూ చెప్పగలవాళ్లు మీలో ఎవరున్నారు?